నల్ల టవలు, మూత తీయని నీళ్ల బాటిల్: 48 ఏళ్ల రైడర్ కేసు

ఈ కేసు రాయాలని చాన్నాళ్లుగా అనుకుంటా ఉన్నా, రాయకపోవడానికి కారణం సిగ్గే, ఎందుకంటే ఇందులో ఎక్కువ తప్పులు నావి. ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నా. రాసింది చదివి వినిపించినా కూడా, రెండు చోట్ల "ఇది తీసెయ్ పాపా" అంది, తీసేశా. వయసు కొంచెం అటూ ఇటూ చేశా, ఉద్యోగం చెప్పను, గుర్రాలుండే తోట ఎక్కడో చెప్పను, తిరుపతి చుట్టుపక్కలే అనుకోండి చాలు. క్లినిక్‌లో అక్కా అని పిలిచేదాన్ని, ఇక్కడా అదే పిలుపు. నేను ఫిజియోథెరపిస్టుని, ఆడవాళ్ల పెల్విక్ ఫ్లోర్ (మూత్రసంచిని, గర్భసంచిని కింద నుంచి మోసే కండరాలు) సమస్యలు చూడడానికి విడిగా ట్రైనింగ్ కూడా తీసుకున్నా. అంత ట్రైనింగ్ పెట్టుకుని మొదటి మూడు నెలలు ఈమెలో నేను చూసింది ఒక్క నడుముని.

అక్క సంగతి

అక్కకి 48. ఇద్దరు పిల్లలు, రెండూ నార్మల్ డెలివరీలే, రెండోసారి బిడ్డ బాగా బరువు, కుట్లు పడ్డాయి. రోజంతా కూర్చుని చేసే ఉద్యోగం. చదువుకునే రోజుల్లో వెటర్నరీ కాలేజీ వైపు పోయినప్పుడల్లా ఎన్‌సీసీ గుర్రాల్ని చూసి సైకిల్ దిగి గోడ పక్కన నిలబడిపోయేదంట. కోరిక అప్పటిది, ఎక్కింది మాత్రం 44లో, పిల్లలిద్దరూ హాస్టళ్లకి పోయినాక. వారానికి మూడు రోజులు, తెల్లారి ఐదున్నరకల్లా తోటలో ఉంటుంది, ఎండ ముదిరే లోపల దిగిపోవాల గదా.

తోటలో మూడు గుర్రాలు. రెండు మార్వాడీలు, చెవులు లోపలికి వంగి కొసలు ఒకదానికొకటి తగులుతా ఉంటాయే, ఆ జాతి. మూడోది రేసుల నుంచి రిటైరైన థరోబ్రెడ్, ఎత్తు, అడుగు పొడుగు, ఒళ్లంతా నరాలే. అక్క మోజు దాని మీదే.

వాళ్లాయన మంచోడే గానీ "గుర్రం పరిగెత్తుతాది, నువ్వు కూర్చుంటావు, దాంట్లో ఎక్సర్‌సైజ్ ఏముండాది" అనేవాడంట. ఉంది. ఊరికే కూర్చున్నప్పుడు ఒళ్లు ఖర్చు పెట్టే శక్తిని 1 అనుకుంటే, గుర్రం నడకలో ఉన్నప్పుడు ఎక్కినోళ్లకి 3.8, ట్రాట్‌లో (ఎగరేసే చిన్న పరుగు) 5.8, క్యాంటర్‌లో (దానికంటే జోరు పరుగు) 7.3 దాకా పోతుంది. జోరుగా నడిచేదానికంటే ట్రాట్ ఎక్కువే. ఈ లెక్క ఆయనకి చెప్పినా, నవ్వి ఊరుకున్నాడు. నేను మర్చిపోయింది ఏందంటే, అంత ఖర్చు పెట్టాలంటే ఒంట్లో నిల్వ కూడా ఉండాల కదా.

మొదటిసారి వచ్చినప్పుడు

రోహిణి కార్తె ఎండల్లో, పొద్దున పదకొండుకి వచ్చింది. నడుము కింద భాగంలో, తొడల లోపలి వైపు నొప్పి, రైడింగ్ చేసిన మర్నాడు మెట్లు దిగాలన్నా కష్టంగా ఉందని చెప్పింది. ఇంకోటి భయం. ఆరు నెలల ముందు క్యాంటర్‌లో జారి పడిందంట, పెద్ద దెబ్బేం కాదు, ఇసక మీద పడింది, తల తగల్లేదు, కానీ అప్పట్నుంచి ట్రాట్ దాటి వేగం పెంచాలంటే గుండె దడ, చేతులు చల్లబడిపోతాయి.

మూడోది అన్నీ అయిపోయి లేచి చెప్పులేసుకుంటా చెప్పింది. మతిమరుపు. తోటలో 20 మీటర్ల వెడల్పు, 40 మీటర్ల పొడవు గీత గీసి, చుట్టూ పాత పెయింట్ డబ్బాల మీద ఏ, కే, ఈ, హెచ్, సీ, ఎం, బీ, ఎఫ్ అని అక్షరాలు రాసి పెట్టారు, ట్రైనర్ "కే నుంచి ఎం కి అడ్డంగా పో, సీ దగ్గర తిప్పు" అంటే సగం దూరం పోయేసరికి ఎక్కడికి పోవాలో గుర్తుండడం లేదంట. అది కూడా పర్లేదు, ఇరవై ఏళ్లుగా నోటికొచ్చిన విష్ణు సహస్రనామంలో మధ్యలో ఎక్కడున్నానో తెలీకుండా పోతాంది, చెప్పిన శ్లోకమే మళ్లీ చెప్తా ఉన్నా అంది. "మా అమ్మకి గూడా ఆఖర్న మతి పోయిందమ్మా, నాది గూడా అదేనా?"

అసలు సంగతి రోగులు చెప్పులేసుకునేటప్పుడే చెప్తారని మాకు చదువు చెప్పిన సార్ ఒకాయన అనేవాడు. ఆ మాట నాకు గుర్తుంది, ఆచరణలో మాత్రం పెట్టలా. "ఈ వయసులో కొంచెం సహజమే అక్కా, ముందు నడుము చూద్దాం" అన్నా.

పరీక్షలో నరం నొక్కుకున్న లక్షణాలేవీ లేవు, రాత్రి నొప్పి లేదు, కాళ్లలో తిమ్మిరి లేదు. తొడల లోపలి కండరాలు తాడు లాగా బిగుసుకుని ఉన్నాయి. ఒంటికాలి మీద కళ్లు తెరిచి 30 సెకన్లు నిలబడింది, కళ్లు మూస్తే 4 సెకన్లకే కాలు కింద పెట్టేసింది. పడుకుని నడుము పైకెత్తమంటే ఊపిరి బిగబట్టింది, "ఊపిరి పట్టేస్తోంది" అని నోట్స్‌లో రాసుకున్నా కూడా, రాసి వదిలేశా. పీరియడ్స్ ఎట్లా ఉన్నాయక్కా అంటే "వస్తా ఉండాయి, నెలనెలా" అంది, రెగ్యులర్ అన్నదానికి ఎదురుగా టిక్ పెట్టినా. ఆ టిక్కే నన్ను మూడు నెలలు పక్కదారి పట్టించింది.

మొదట చేసింది, ఎందుకు చేసింది

నా లెక్క ఇట్లా నడిచింది. కూర్చుని చేసే ఉద్యోగం, రెండు కాన్పులు, పొట్ట కండరాలు వదులు, అందుకే జీను మీద నడుము నిలవట్లేదు, నిలవక తొడలతో పట్టుకుంటోంది, పట్టుకుంటే నొప్పి. అందుకని ప్లాంకులు, బ్రిడ్జిలు, మోకాళ్ల మధ్య బంతి పెట్టి నొక్కడం, ఆరు వారాలు. రైడర్ అంటే కోర్, అంటే పొట్టా నడుమూ కండరాలు, గట్టిగా ఉండాలని ఎవర్నడిగినా చెప్తారు, నేనూ అదే చెప్పినా.

నాలుగో వారానికి నడుము నొప్పి కొంచెం తగ్గింది, గుర్రం మీద మాత్రం మునుపటికంటే చెడింది. తొడలు ఇంకా గట్టిగా బిగుస్తున్నాయి, ట్రాట్‌లో బంతిలాగా ఎగిరి పడుతోంది. ఇప్పుడు చూస్తే కారణం చిన్నపిల్లలకి కూడా తెలుస్తుంది, బిగబట్టే అలవాటున్న మనిషికి బిగబట్టడమే హోంవర్కు ఇచ్చినా. బంతి నొక్కుడు అయితే మరీ. తొడలు బిగిస్తే పిర్రలు జీను మీద నుంచి పైకి లేస్తాయి, పైగా కాళ్లతో నొక్కడం అంటే గుర్రానికి "ముందుకు పో" అని చెప్పడం. అది వేగం పెంచుతుంది, ఈమెకి భయం పెరుగుతుంది, ఇంకా నొక్కుతుంది, అది ఇంకా పోతుంది. గుర్రం తప్పేం లేదు పాపం, చెప్పిన మాట వింటోంది.

అప్పుడైనా ఆగాల్సింది. ఆగకుండా, ఇది భయం సమస్య అని రెండో తీర్మానానికి వచ్చినా. పడిన తర్వాత భయం పట్టుకుంది, మెల్లమెల్లగా అలవాటు చేస్తే పోతుందని ట్రైనర్‌తో మాట్లాడి, గుర్రానికి పొడుగు తాడు కట్టి గుండ్రంగా తిప్పుతా, రికాబుల్లోంచి (జీనుకి వేలాడే, పాదాలు పెట్టే కడియాలు) కాళ్లు తీసేసి కూర్చోబెట్టే పాఠాలు పెట్టించినా. తర్కం బాగానే ఉంది, పగ్గాలు పట్టుకునే పని ఉండదు, కూర్చోవడం మీదే ధ్యాస ఉంటుంది. మూడో పాఠంలో కళ్లు తిరిగి గుర్రం మెడ మీదకి ఒరిగిపోయిందని ట్రైనర్ ఫోన్ చేసినాడు. సైస్, అంటే గుర్రాల్ని చూసుకునే మనిషి, పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది.

ఆ రోజే రమ్మన్నా. పడుకోబెట్టి బీపీ చూస్తే 118/76, లేచి నిలబడిన రెండు నిమిషాలకి 96/64, నాడి దడదడా కొట్టుకుంటోంది. కింది కనురెప్ప లాగి చూసినా, తెల్లగా ఉంది. మూడు నెలలుగా వారం వారం చూస్తున్న మనిషి కనురెప్ప నేను ఒక్కసారి కూడా లాగి చూడలా.

వాళ్ల ఫ్యామిలీ డాక్టర్ రక్తపరీక్షలు రాసిచ్చాడు. హిమోగ్లోబిన్ 9.1, ఆడవాళ్లకి 12 కంటే తగ్గితే రక్తహీనత అంటాం. ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్ 6. విటమిన్ డి 14, అది 20 అయినా ఉండాల. థైరాయిడ్, షుగర్ బాగానే ఉన్నాయి. అంత రక్తంతో ఉన్న మనిషితో ఆరు వారాలు ప్లాంకులు చేయించినా నేను.

అప్పుడు మళ్లీ అడిగినా, ఈసారి టిక్ పెట్టే ప్రశ్న కాదు. ఎన్ని రోజులు, ఎన్ని ప్యాడ్లు, రాత్రి లేవాల్సి వస్తుందా, గడ్డలు పడతాయా. తొమ్మిది రోజులు, మొదటి మూడు రోజులు గంటన్నరకొక ప్యాడు, రాత్రి పరుపు మీద ప్లాస్టిక్ కవరు. ఏడాదిగా ఇట్లాగే. "నెలనెలా వస్తా ఉండాయి గదా" అంటే అబద్ధం కాదు మరి, నెలనెలా వస్తున్నాయి.

తోటకి పోయిన రోజు

రక్తహీనత తెలిసింది, కళ్లు తిరగడానికి, మతి పట్టు తప్పడానికి కారణం దొరికింది. కానీ తొడలు ఎందుకు బిగుస్తున్నాయో అప్పటికీ నాకు అర్థం కాలా. క్లినిక్ మంచం మీద దొరకనిది గుర్రం మీద చూస్తే దొరుకుతుందేమోనని ఒక ఆదివారం తెల్లారే తోటకి పోయినా. పాఠం వద్దు, పదిహేను నిమిషాలు నడక, తాడు పట్టుకుని సైస్ పక్కనే ఉంటాడు, రెండు నిమిషాలు మాత్రం ట్రాట్ అని మాట్లాడుకున్నాం.

మామిడి చెట్ల కింద లాయం, ఉలవల వాసన, ఎక్కడో నెమళ్లు అరుస్తున్నాయి. సైస్ జీను కట్టి, దాని మీద ఒక నల్ల టవలు నాలుగు మడతలు వేసి పరిచాడు. అడక్కుండానే పరిచాడు, అంటే రోజూ జరిగేదే. మిగతా ఇద్దరు రైడర్ల జీన్ల మీద టవలు లేదు. మెత్తగా ఉండడానికేమో అనుకున్నా మొదట. అక్క లీటరు స్టీల్ బాటిల్ తెచ్చి దిమ్మె మీద పెట్టింది, ఎక్కింది. నడకలో బాగానే ఉంది, నడుము గుర్రంతో కలిసి ఊగుతోంది. ట్రైనర్ "ట్రాట్" అన్నాడు. గుర్రం ఇంకా అడుగు మార్చలేదు, అంతకుముందే అక్క దవడ బిగిసింది, భుజాలు చెవుల దాకా లేచినాయి, మోకాళ్లు జీనుని పట్టుకున్నాయి. కుదుపు మొదలవ్వక ముందే ఒళ్లు బిగపట్టింది. పడతానని భయపడే మనిషి ముందుకు వంగి జూలు పట్టుకుంటుంది, ఈమె కింద నుంచి పైకి మూసుకుంటోంది. దేన్నో ఆపుకుంటున్న మనిషి ఒళ్లది.

దిగినాక టవలు తీసి తానే మడిచి సంచిలో పెట్టుకుంది. నేను బాటిల్ ఎత్తి చూసినా, నిండుగా ఉంది. గంట సేపు తోటలో ఉండి ఒక గుక్క కూడా తాగలా.

ట్రైనర్ పోయిందాకా ఆగి, బోరు దగ్గర చేతులు కడుక్కుంటా అడిగినా. "అక్కా, గుర్రమెక్కే రోజు నీళ్లు ఎప్పట్నుంచి తాగవు?"

చాలాసేపు మాట్లాడలా. తర్వాత "రాత్రి ఏడు నుంచీ" అంది.

రెండేళ్లుగా ట్రాట్‌లో మూత్రం జారిపోతోంది. మొదట చుక్కలు, ఇప్పుడు ప్యాడు తడిసేంత. దగ్గితే, తుమ్మితే కూడా. నల్ల లెగ్గింగ్, నల్ల టవలు, నీళ్లు మానేయడం, అంతా తానే కనిపెట్టుకున్న ఏర్పాటు. ఆ రోజు క్యాంటర్‌లో పడింది కూడా, జారినట్టు అనిపించి ఒక్కసారిగా తొడలు బిగిస్తే గుర్రం దూకుడు పెంచింది, దాంతో పడింది. ట్రైనర్ మగాడు, ఆయనకి చెప్పలేదు. ఇంట్లో చెప్తే "మానెయ్" అంటారని చెప్పలేదు. మరి నాకెందుకు చెప్పలేదక్కా అంటే "నువ్వు అడగలే గదా పాపా, నడుమే చూస్తా ఉంటివి" అంది. అప్పట్నుంచే నన్ను మేడమ్ అనడం మానేసి పాపా అంటోంది.

నీళ్లు మానేస్తే జారడం తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. చిక్కబడ్డ మూత్రం మూత్రసంచిని ఇంకా చిరాకు పెడుతుంది, పైగా మన ఎండల్లో, ఆ రక్తంతో, పదకొండు గంటలు నీళ్లు లేకుండా గుర్రమెక్కితే తల పని చేయమంటే యాడ చేస్తాది. పెయింట్ డబ్బాల అక్షరాలు గుర్తు రాకపోవడంలో ఇదొక వాటా.

గర్భసంచి గొడవ

రక్తస్రావం సంగతి బయటపడగానే ఇంట్లో, వీధిలో అందరిదీ ఒకటే మాట, పిల్లలు పుట్టేసినారు గదా గర్భసంచి తీయించేసుకో, పీడా పోతాది. మన దగ్గర ఇది కొత్త కాదు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో దేశం మొత్తమ్మీద 3 శాతం చిల్లరకి ఆ ఆపరేషన్ అయితే, మన రాష్ట్రంలో 9 శాతం దాకా ఉంది. కొందరికి అది నిజంగా అవసరం, కాదనను. కానీ అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ ఒక్కరోజులో పడిపోతుంది, ఎముక అరిగే వేగం పెరుగుతుంది, గుర్రం మీద నుంచి పడే అవకాశమున్న మనిషికి అది చిన్న విషయం కాదు. కాబట్టి కత్తి ఆఖరి మాట అవ్వాల, మొదటిది కాకూడదు అని చెప్పి, నాకు నమ్మకమున్న ఒక గైనకాలజిస్టు దగ్గరికి పంపినా.

ఆమె స్కాన్ చేసి, 45 దాటి ఇట్లా ఎక్కువైతే చేయాల్సిన పద్ధతి ప్రకారం లోపలి పొర శాంపిల్ కూడా తీసింది. భయపడేదేం లేదు. ఈ వయసులో కొన్ని నెలలు అండం విడుదల కాదు, ప్రొజెస్టరాన్ తయారవ్వదు, పొర మందంగా పేరుకుని ఒక్కసారిగా పోతుంది, అదే జరుగుతోంది. మన దేశంలో పీరియడ్స్ ఆగిపోయే సగటు వయసు 46–47, బయటి దేశాల్లో 51 దగ్గర, అంటే అక్క సరిగ్గా ఆ గడప మీద ఉంది. రాత్రుళ్లు చెమటలు పట్టి మూడింటికి మెలకువ రావడం కూడా ఉందని అక్కడ చెప్పింది, నాకు చెప్పలా, అది కూడా నేను అడగనిదే. డాక్టరమ్మ గర్భసంచి లోపల హార్మోన్ లూప్ (కొంచెం కొంచెంగా హార్మోన్ వదిలి రక్తస్రావం తగ్గించే చిన్న పరికరం) వేసింది, మొదటి మూడు నాలుగు నెలలు చుక్కలు చుక్కలుగా కనపడుతుందని ముందే చెప్పి మరీ వేసింది.

ఇంగ ఐరన్ మాత్రలు. ఇక్కడ ఇంకో దెబ్బ తగిలింది. మాత్రలతో మలబద్ధకం వచ్చింది, ముక్కి ముక్కి కింది కండరాలు ఇంకా కుంగినాయి, జారడం ఎక్కువైంది. రోజు మార్చి రోజు వేసుకుంటే పొట్ట తట్టుకుంటుంది, ఒళ్లు పీల్చుకోవడం కూడా బాగుంటుంది, అట్లా మార్చి చూసినాం. అక్క పొద్దున లేవగానే మాత్ర, వెంటనే ఫిల్టర్ కాఫీ, అది కూడా తప్పే, కాఫీ ఇనుముని ఒంటికి పట్టనీయదు. రాగి సంకటి తినే పూట కూడా మాత్ర వద్దన్నా. ధాన్యాల్లో కాల్షియంకి రాగికి మించింది లేదు, వంద గ్రాముల్లో 340 మిల్లీగ్రాముల పైనే ఉంటుంది, కానీ ఇనుముకి అది అడ్డం. ఇన్ని షరతులతో మాత్రలు సాగవని నెల తర్వాత తేలిపోయింది, డాక్టరమ్మ సెలైన్‌లో ఐరన్ ఎక్కించేసింది. రెండు నెలలకి హిమోగ్లోబిన్ 12.3. మొదటే ఎక్కించి ఉంటే ఒక నెల మిగిలేది అని నాకనిపిస్తుంది, కానీ ఆ నిర్ణయం నాది కాదు.

కింది కండరం వదలడం నేర్చుకోవడం

నేను చేయాల్సింది ఇప్పుడు మొదలైంది. ఒప్పుకున్నాక లోపలి పరీక్ష చేసినా. వదులుగా ఉంటుందనుకున్నా. వదులు లేదు, రోజంతా సగం మూసుకునే ఉంది, పూర్తిగా మూయమంటే బలం 5కి 2, 3 సెకన్లు మించి నిలవదు, వదలమంటే వదలడం రాదు. రోజంతా పిడికిలి బిగించుకుని తిరిగే మనిషిని ఇప్పుడు బిందె ఎత్తమంటే ఎట్లా ఎత్తుతుంది? ఇట్లాంటి వాళ్లకి నేరుగా కీగల్ (కింది కండరాల్ని బిగించి వదిలే వ్యాయామం) మొదలుపెడితే బిగువు పెరుగుతుంది. అందుకని మొదటి మూడు వారాలు వదలడం ఒక్కటే. పక్కకి తిరిగి పడుకుని, ఊపిరి కిందిదాకా తీసుకుని, లోపలికి పోయేటప్పుడు కింద విప్పుకోవడం, బయటికి వచ్చేటప్పుడు దానంతటది పైకి రావడం గమనించడం. అక్కకి విసుగొచ్చింది. "ఊపిరి తీసుకునేదానికి ఫీజు గట్టాల్నా" అంది. కట్టింది లెండి.

నాలుగో వారం నుంచి బలం. ఒకసారికి ఎనిమిది పట్లు, రోజుకి మూడుసార్లు, మూడు నెలలు. దగ్గు, తుమ్ము వచ్చే ముందు క్షణంలో పైకి లాగడం. బాత్రూంలో కాళ్ల కింద చిన్న పీట. నీళ్లు మళ్లీ మొదలుపెట్టించినా, కానీ గటగటా కాదు, పొద్దుటి నుంచి కొంచెం కొంచెంగా, ఎక్కే అరగంట ముందు ఆపి బాత్రూంకి పోయి రావడం. దీనికి ఒప్పించడం ప్లాంకులు మాన్పించినదానికంటే కష్టమైంది.

గుర్రం మీద అసలు తాళం తీసింది మాత్రం నేను కాదు, ఇద్దరు. ఒకరు సైస్. ట్రాట్‌లో కుదుపే సమస్య అయితే మార్వాడీ ఎక్కండమ్మా, దానికి రేవాల్ ఉంది అన్నాడు. రేవాల్ అంటే ఆ జాతిలో కొన్నింటికి పుట్టుకతో వచ్చే నడక, ట్రాట్ వేగంతోనే పోతుంది కానీ ఎగరేయదు, కూర్చున్నోళ్ల చేతిలో గ్లాసు తొణకదంటారు. నాకు గుర్రాల గురించి ఏం తెలుసు, నేను చదివింది మనుషుల గురించి. అక్కకి ఆ థరోబ్రెడ్ వదలడం ఇష్టం లేదు, చిన్నతనంగా అనిపించింది. "మూడు నెలలే" అని బతిమాలినా. కండరం నేర్చుకునేటప్పుడు దెబ్బ మీద దెబ్బ పడకూడదు, విరిగిన కాలు అతికేటప్పుడు నడిపించం కదా, అదే లెక్క. మార్వాడీ మీద మొదటి రోజే టవలు తడవలా.

రెండో ఆమె అక్కే. ఊపిరి బిగబట్టకు, బిగబట్టకు అని నేను గుర్తు చేసినప్పుడల్లా ఆమె బిగబట్టేది, వద్దన్నది చేయడం మెదడుకి అలవాటు. ఒకరోజు తానే అంది, సహస్రనామం చదువుతా ఎక్కితే? పైకి చదివితే ఊపిరి పట్టలేరు, మాట రావాలంటే గాలి బయటికి పోవాల. శ్లోకం సగం ఒక ఊపిరి, మిగతా సగం ఇంకో ఊపిరి. మార్వాడీ అడుగులకి, ఆ నడకకి సరిపోయింది. ట్రైనర్‌కి ఇదేదో వింతగా ఉంది గానీ, భుజాలు దిగినాయి, దవడ వదిలింది, మోకాళ్లకి జీనుకి మధ్య చెయ్యి దూరేంత సందు వచ్చింది. ఏ పుస్తకంలోనూ చూడలేదు నేను ఈ వైద్యం.

తర్వాత రైజింగ్ ట్రాట్, అంటే ఒక అడుగుకి లేచి ఒక అడుగుకి కూర్చోవడం, ఆ తర్వాతే కూర్చుని ట్రాట్. ఎండ, నిద్ర, రక్తస్రావం ఉన్న రోజు ఏం చేయాలో కూడా మాట్లాడుకున్నాం, ఎక్కకూడదని కాదు, ఆ రోజు నడకతో సరిపెట్టాల.

ఎముక, మెదడు

డెక్సా స్కాన్‌లో (ఎముక గట్టిదనం కొలిచే స్కాన్) వెన్నెముక టీ-స్కోర్ మైనస్ 1.4. మైనస్ 2.5కి దిగితే ఆస్టియోపొరోసిస్, అంటే ఎముకలు గుల్లబారే జబ్బు, మైనస్ 1 దాటితే తగ్గడం మొదలైందని అర్థం. పీరియడ్స్ ఆగే కాలం చుట్టూ ఉన్న కొన్నేళ్లలోనే ఎముక జోరుగా తరిగిపోతుంది. రైడింగ్ చేస్తున్నాను గదా ఎముక గట్టిపడదా అని అడిగింది. పెద్దగా పడదు, బరువు మోసేది గుర్రం, నీ కాళ్లు కాదు అని చెప్పినా. ఎముకకి నేల తగలాల, బరువు మోయాల. వారానికి రెండు రోజులు బరువులతో స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, ఊపిరి వదుల్తా లేపడం. తోటలో దాణా బకెట్లు సైస్ మోయకుండా తానే మోయడం. నెలకొకసారి శ్రీవారి మెట్టు, 2,388 మెట్లు, అది ఎక్కడం ముందు నుంచీ ఉన్న అలవాటే, రక్తం తగ్గినప్పుడు ఏడుసార్లు కూర్చుందంట, ఏడాది తర్వాత రెండుసార్లు. విటమిన్ డి డాక్టర్ రాసినట్టు. హెల్మెట్ కొత్తది కొనిపించినా, పాతది ఎవరో వాడి ఇచ్చింది, లోపలి థర్మాకోల్ లాంటి పొరలో పగులు, పైకి కనపడదు. ఒక్కసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ ఇంగ పనికిరాదు.

మతిమరుపుకి మొదట్లోనే ఒక పరీక్ష చేయాల్సింది, నాలుగో నెలలో చేయించినా. తెలుగులో ఉన్న మోకా పరీక్షలో 30కి 27. 26 గానీ ఆ పైన గానీ ఉంటే పర్లేదంటారు. కానీ నంబరు చూపించి పంపేస్తే ఆమె భయం పోదు, అమ్మని చూసిన మనిషి. కూర్చుని చెప్పినా. ఈస్ట్రోజన్ గర్భసంచికి మాత్రమే కాదు, మెదడులో జ్ఞాపకం చూసుకునే చోట్ల కూడా పని చేస్తుంది, అది ఎగుడుదిగుడుగా ఉండే ఈ కొన్నేళ్లలో మాటలు గుర్తు తెచ్చుకోవడం, వరస పట్టుకోవడం తడబడతాయి, చాలామందికి పీరియడ్స్ పూర్తిగా ఆగినాక సర్దుకుంటుంది. దాని మీద నిద్ర లేదు, ఇనుము లేదు, నీళ్లు లేవు. అన్నిటికీ మించి, గుర్రం మీద ఉన్నంత సేపూ సగం మెదడు ప్యాడు మీదే ఉంటే మిగిలిన సగం ఎన్ని అక్షరాలు గుర్తు పెట్టుకుంటుంది?

ఆరో నెలలో సహస్రనామం తప్పు లేకుండా పూర్తయిందని మెసేజ్ పెట్టింది. ఇది దేని వల్ల అని అడిగితే నేను చెప్పలేను. ఐరన్, నిద్ర, లూప్, నీళ్లు, జారడం ఆగడం, అన్నీ రెండు మూడు నెలల్లో కలిసి మారినాయి. ఒకటొకటిగా మార్చి చూసుంటే తెలిసేది, అట్లా చేయడానికి ఆమెకి ఓపిక లేదు, నాకు మనసు రాలా.

ఇప్పుడు ఎట్లా ఉంది

ఏడాది నాలుగు నెలలైంది. తొడల నొప్పి లేదు, నడుము ఎప్పుడైనా ఆఫీసులో ఎక్కువ కూర్చుంటే. కండరం బలం 4, పట్టు 9 సెకన్లు, వదలడం వచ్చింది. మార్వాడీ మీద క్యాంటర్ చేస్తోంది. జలుబు చేసిన వారం మాత్రం జారుతుంది, ఆ వారం ప్యాడు పెట్టుకుంటుంది, దాపరికం లేదు. రాత్రి చెమటలు తగ్గినాయి, పూర్తిగా పోలా. పెద్ద గుర్రం మీద ట్రాట్ దాటి ఇంకా పోలేదు.

నా ఫారం మార్చినా. "మూత్ర సమస్యలు ఉన్నాయా" అనే ప్రశ్న కొట్టేశా, దానికి అందరూ లేదనే రాస్తారు. దాని బదులు "బయటికి పోయే ముందు, ఎక్సర్‌సైజ్ ముందు నీళ్లు తాగడం తగ్గిస్తారా?" అని పెట్టినా. "పీరియడ్స్ రెగ్యులరా" బదులు రాత్రి ఎన్నిసార్లు లేస్తారు, పరుపు మీద ఏమైనా పరుస్తారా అని అడుగుతున్నా. నడక నేర్పే వాళ్లకి, జిమ్ ట్రైనర్లకి కూడా ఇదే చెప్తున్నా. 40 దాటిన ఆడమనిషి ఎవరొచ్చినా కనురెప్ప లాగి చూస్తున్నా, కొంతమంది "కామెర్లా మేడమ్" అని భయపడతారు.

పోయిన నెల వచ్చి, థరోబ్రెడ్ మీద క్యాంటర్ ఎప్పుడు అని అడిగింది. దానికి నేను మూడు చూస్తా అన్నా. దాని మీద కూర్చుని ట్రాట్ పది నిమిషాలు, మాట ఆగకుండా. దిగినాక బాటిల్ సగమైనా ఖాళీ. ట్రైనర్‌కి తానే నోరు తెరిచి విషయం చెప్పడం, ఎందుకంటే దాని మీద ఏదైనా తేడా వస్తే ఎప్పుడు ఆపాలో ఆయనకి తెలియాల. మొదటి రెండూ అయినాయి. మూడోదానికి "చెప్తాలే పాపా, వచ్చే వారం" అంటా ఉంది, ఇప్పటికి నాలుగు వారాలు.